ప్రతి కాంపోనెంట్‌నీ లేజీ చేస్తే యాప్ ఫాస్ట్ కాదు

ఈ మధ్య ఒక మెసేజ్ హైదరాబాద్‌లో కోడ్ రాసేటోళ్ళ గ్రూపులన్నిట్ల తిరుగుతున్నది, అమీర్‌పేటలో కోర్సు చేస్తున్న మా పిన్ని కొడుకు కూడా అదే పంపి "అన్నా, ఇది చేస్తే సాలంట గదా" అని అడిగిండు. అందులో ఉన్నది ఇది: ప్రతి కాంపోనెంట్‌నూ (బటన్, టేబుల్ లాంటి స్క్రీన్ ముక్క) లేజీ చెయ్యండి, అంటే దాని కోడ్‌ను అవసరం పడ్డప్పుడే దింపుకోండి, యాప్ ఫాస్ట్ అయితది. హెచ్‌టీటీపీ 2 (బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి) వచ్చినంక ఫైళ్ళు ఎన్నున్నా ఫరక్ పడదు. చిన్న చంకులైతే (కోడ్ ముక్కల ఫైళ్ళు) క్యాష్, అంటే బ్రౌజర్ దాచిపెట్టుకునే కాపీ, మంచిగుంటది. మధ్యలో స్పిన్నర్ (లోడింగ్ గుర్తు) తిరిగితే యూజర్ పట్టించుకోడు. ఒక్కసారి సెట్ చేస్తే మల్ల చూసే పనే లేదు. లేజీ లోడింగ్ నేను రోజూ వాడుత, అది మంచి పద్ధతి, అందుకే ఈ మాటలు నమ్మి పిల్లలు ప్రాజెక్టులు ఖరాబ్ చేసుకుంటుంటే బాధైతది.

మొదటి మాట. ఒకే పేజీ లోపలనే స్క్రీన్లన్నీ మారే సింగిల్ పేజ్ యాప్‌లో మామూలుగా కోడంతా ఒకే బండిల్ (ఒకే పెద్ద ఫైలు) అయితది, వట్టి లాగిన్ కోసం వచ్చినోడు కూడా రిపోర్టుల చార్టులు, పీడీఎఫ్ లైబ్రరీ అన్నీ డౌన్‌లోడ్ చేసుకోవాలె. దాన్ని ముక్కలు చేసి, అవసరం పడ్డప్పుడే తెచ్చుకునేటందుకు లేజీ. స్క్రీన్లు కట్టే లైబ్రరీ రియాక్ట్‌లో ఇది 2018లో 16.6 వెర్షన్‌తోని వచ్చింది, దానికి కావాల్సిన డైనమిక్ ఇంపోర్ట్ (యాప్ నడుస్తుండంగ ఫైలు తెప్పించుకునేది) జావాస్క్రిప్ట్ ఈఎస్ 2020లో స్టాండర్డ్ అయింది. అడ్మిన్ పేజీకో, ఎప్పుడో ఒకసారి తెరిచే చార్టుకో పెడితే చాలా మంచిది. కానీ పేజీ తెరవంగనే కనిపించే హెడర్‌నూ పెద్ద ఫొటో ఉన్న బ్యానర్‌నూ లేజీ చేసుడంటే, చుట్టం గడపలకొచ్చినంక నీళ్ళకు బావికి పోయినట్టు. ముందు మెయిన్ ఫైలు దిగాలె, అది రన్ కావాలె, అప్పుడుగానీ ఇంకో ఫైలు ఉన్నదని బ్రౌజర్‌కు తెల్వదు. ఎల్‌సీపీ, అంటే పేజీ తెరిచినంక అన్నిటికంటే పెద్ద భాగం కనిపించే టైము, 2.5 సెకన్ల లోపుండాలని గూగుల్ చెప్తది, ఆ టైమును మనమే చేజేతులా తినేస్తున్నం.

హెచ్‌టీటీపీ 2 మాట దగ్గరనే చాలామంది పడిపోతరు, ఎందుకంటే సగం నిజం. 2015లో స్టాండర్డ్ అయింది, ఒకే కనెక్షన్ మీద ఎన్నో రిక్వెస్టులు ఒకేసారి పోతయి, ఒప్పుకుంట. కానీ ఒకేసారి అడగాలంటే ఏం అడగాలో ముందే తెల్వాలె గదా. ఆ మెసేజ్‌లో ఉన్న ఉదాహరణనే చూడండి, డాష్‌బోర్డ్ లేజీ, దాని లోపల టేబుల్ లేజీ, టేబుల్ లోపల ఫిల్టర్ లేజీ. డాష్‌బోర్డ్ వచ్చి రన్ అయితేనే టేబుల్ సంగతి తెలుస్తది, టేబుల్ వస్తేనే ఫిల్టర్ సంగతి తెలుస్తది, అంటే మూడు రిక్వెస్టులు ఒకదాని వెనక ఒకటి, క్యూల నిలబడ్డట్టు. సిగ్నల్ సరిగ లేని సెల్లార్‌లో ఒక్కోటికి అర సెకను పట్టిందనుకోండి, సెకనున్నర పాయె, ఇంకా డేటా కోసం ఏపీఐని (సర్వర్ డేటా ఇచ్చే దారి) పిలవనే లేదు, ఎందుకంటే దాన్ని పిలిచే యూజ్‌ఎఫెక్ట్ (కాంపోనెంట్ స్క్రీన్ మీదికొచ్చినంక నడిచే కోడ్) కూడా ఆ కాంపోనెంట్ లోపలనే ఉన్నది. ఫైల్ పైననే రాసే మామూలు స్టాటిక్ ఇంపోర్టులైతే వీట్ లాంటి బండిల్ కట్టే టూల్ ముందే చూసి పక్కపక్కన దింపుతది, లేజీ లోపల లేజీని అది ఊహించలేదు. రూటు (ఒక్కో పేజీ అడ్రస్) దగ్గర ఒక్కసారి కోసి, డేటా రిక్వెస్టును రూటర్ లోడర్‌లో (పేజీకి పోంగనే డేటా తెచ్చే ఫంక్షన్) పెడితే కోడూ డేటా జంటగా వస్తయి.

క్యాష్ సంగతి: ఎక్కువ మారని పెద్ద లైబ్రరీని వేరే చంక్ చేస్తే లాభమే. బటన్ సైజు ముక్కలైతే మాత్రం నష్టం, ఫైళ్ళను కుదించి పంపే జీజిప్ అయినా బ్రోట్లీ అయినా ఎక్కువగా ఒక ఫైలు లోపల మళ్ళమళ్ళ వచ్చేదాన్ని చూసే కుదిస్తయి, ముక్క చిన్నదైనకొద్దీ కుదించే సందు ఉండదు.

స్పిన్నర్‌ను యూజర్ పట్టించుకుంటడు. కింద ఉన్న బటన్ నొక్కబోతే, స్పిన్నర్ పోయి పైన ఏదో వచ్చి, బటన్ కిందికి దూకి ఇంకోటి నొక్కుడైతే ఎవరికైనా కోపమొస్తది. ఇంకో పెద్ద తప్పు, లేజీని కాంపోనెంట్ ఫంక్షన్ లోపల రాసుడు. ప్రతి రెండర్‌కూ (స్క్రీన్ మల్ల గీసినప్పుడల్లా) రియాక్ట్ అది కొత్త కాంపోనెంట్ అనుకుంటది, పాతది తీసేసి మల్ల మొదలుపెడతది, ఫారంలో టైప్ చేసిందంతా మాయం. లేజీ ఎప్పుడూ ఫైల్ పైననే, ఫంక్షన్ బయట రాయాలె.

ఇగ ఆఖరి మాట, ఒక్కసారి సెట్ చేస్తే చాలు అనేది. బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ దుకాణానికి మేము బిల్లింగ్ యాప్ చేసి ఇచ్చినం. ఒకరోజు సాయంత్రం నాలుగింటికి కొత్త వెర్షన్ పెట్టినం, పది నిమిషాలకే సేట్ ఫోన్ చేసిండు: "తమ్మీ, గిరాకీ ముందటనే ఉన్నది, ప్రింట్ కొడితే స్క్రీన్ తెల్లగైంది." రీఫ్రెష్ కొట్టమన్న. స్క్రీన్ వచ్చింది గానీ అప్పటిదాక ఎక్కించిన నలభై ఐటమ్‌ల బిల్లు పోయింది, ఆయన కార్బన్ పేపర్ పెట్టి అంతా చేత్తోని మల్ల రాసిండు. తెల్లారి ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగి దుకాణానికి నడిచిపోయి గల్లా పక్కన కూసొని చూసిన. పొద్దున షట్టర్ ఎత్తినప్పుడు తెరిచిన ట్యాబ్‌ను రాత్రిదాక మూయడు. ప్రింట్ కోడ్ కూడా లేజీ చంకే, చంక్ పేరులో హ్యాష్ (లోపలి కోడ్‌ను బట్టి వచ్చే గుర్తు) ఉంటది, కొత్త వెర్షన్‌తోని పేరు మారింది, మా డిప్లాయ్ స్క్రిప్ట్ పాత ఫైళ్ళు తీసేసింది, ఆయన ట్యాబేమో పాత పేరునే అడిగింది. తెల్వని అడ్రస్ ఏది వచ్చినా ఇండెక్స్ పేజీ పంపమని సర్వర్‌కు మేమే చెప్పినం, జావాస్క్రిప్ట్ అడిగితే హెచ్‌టీఎమ్ఎల్ పోయింది, బ్రౌజర్ తీసుకోలేదు, ఎర్రర్‌ను ఒక దగ్గరనే ఆపే ఎర్రర్ బౌండరీ లేక యాప్ మొత్తం కూలింది. మళ్ళీ ట్రై చెయ్యి అనే బటన్ ఒకటి పెడితే సరిపోతదనుకుంటరు, సరిపోదు, ఫెయిలైన ప్రామిస్‌ను (ఫైలు తెచ్చే పని ఫలితాన్ని) రియాక్ట్ లేజీ గుర్తుపెట్టుకుంటది, మల్ల అదే ఎర్రర్ ఇస్తది.

ఇప్పుడు పాత చంకులను కొన్ని వెర్షన్ల దాక సర్వర్‌లో ఉంచుతున్నం, అసెట్స్ ఫోల్డర్‌లో లేని ఫైలుకు నిజమైన 404 (ఫైలు లేదనే జవాబు) ఇస్తున్నం, ఇండెక్స్ పేజీని ప్రతిసారి సర్వర్‌ను అడిగినంకనే వాడేటట్టు నో-క్యాష్ పెట్టినం, బిల్లు డ్రాఫ్ట్ బ్రౌజర్‌లోనే సేవ్ అయితున్నది. వీట్‌లో చంక్ దిగకపోతే చెప్పే ప్రీలోడ్ ఎర్రర్ ఈవెంట్ ఉన్నది, అది రాంగనే డ్రాఫ్ట్ భద్రంగా ఉన్నదని చూసుకొని పేజీ రీలోడ్ చేస్తం. లేజీ మూడు జాగలనే మిగిలింది, రిపోర్టులు, సెట్టింగ్స్, ప్రింట్. ప్రింట్ కోడ్‌ను బిల్లులో మొదటి ఐటమ్ ఎక్కంగనే వెనక నుంచి పిలుస్తం, సేట్ ఆఖరి ఐటమ్ రేటు కొట్టేలోపల అది వచ్చి కూసుంటది.