బ్రష్షు పిడి కోసిన మహనీయులు

కొండలెక్కేవాళ్లలో ఒక ఉత్తమ జాతి ఉంది. వీరు బయలుదేరే ముందు త్రాసు పెట్టుకుని కూర్చుంటారు. టూత్‌బ్రష్షు పిడి సగానికి కోస్తారు, చొక్కా లేబుళ్లు కత్తిరిస్తారు, చెంచాకు చిల్లులు పెడతారు. తిండి, నీళ్లు, ఇంధనం తీసేసి మిగతా సరంజామా నాలుగున్నర కిలోల లోపు తేలిందా, వీరికి జన్మ ధన్యమైనట్టే. లీటరు నీళ్లు కిలో తూగుతాయి కదా అని అడక్కండి. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదని వీరి శాస్త్రం.

ఎదుటి పక్షం వాళ్లది ఒకటే మంత్రం: ‘ఎందుకైనా మంచిది’. ఒక గొడుగు, అది విరిగితే ఇంకో గొడుగు, మూడు జీన్స్ ప్యాంట్లు. తడిసిన జీన్స్ ఓ పట్టాన ఆరదు, చలిలో ఒంటి వేడినంతా లాగేస్తుంది. అయినా మోస్తారు. వీళ్లను చూసి నవ్వడం తేలిక.

నవ్వేవాళ్లు ఎమ్మా గేట్‌వుడ్‌ను తలుచుకుంటారు. 1955లో, 67 ఏళ్ల వయసులో, పదకొండు మంది పిల్లల తల్లి, అమెరికాలో మూడు వేల కిలోమీటర్లకు పైనే ఉన్న అప్పలాచియన్ ట్రెయిల్ ఒంటరిగా నడిచేసింది. మామూలు కాన్వాస్ బూట్లు, భుజాన సొంతంగా కుట్టుకున్న సంచి, వానకు ఒక ప్లాస్టిక్ పరదా. మనవాళ్లు ఆవిడ దగ్గర నేర్చుకున్నది సంచి బరువొక్కటే. ఆ కాళ్లు ఎక్కడ దొరుకుతాయో మాత్రం ఎవరూ వెతకలేదు.

ఇక ఆరోగ్యం సంగతి. త్రాసు మీద మొదట ఓడిపోయేది సబ్బు. చేతులకు రాసుకునే శానిటైజర్ జెల్ ఉందిగా అంటారు, వాంతులూ విరేచనాలూ తెప్పించే నోరోవైరస్‌కు అది పెద్దగా ఆనదు. వాగు నీళ్లు అద్దంలా ఉన్నాయని దోసిలి పడతారు. ఒక నిమిషం, రెండు వేల మీటర్లు దాటాక మూడు నిమిషాలు మరిగిస్తే సరిపోయేది. కానీ గ్యాస్ కూడా బరువేనాయె. ఫలితంగా ఒంట్లో రెండు కిలోలు చకచకా తగ్గుతాయి. గ్రాముల లెక్కలో ఇది ఘనవిజయమే.

మడమ దగ్గర చర్మం ఎర్రబడి చురుక్కుమన్నప్పుడే ఆగి, సాక్సు విప్పి, తడి తుడిచి, రెండంగుళాల టేపు అంటిస్తే ఐదు నిమిషాల పని. ఆగరు, సగటు వేగం పడిపోతుంది! సాయంత్రానికి అది నీరు పట్టిన బొబ్బ, మర్నాటికి సాక్సుకు అతుక్కుపోయిన పుండు.

సంచి తేలికైంది కదా అని ఎత్తుకు కూడా పరుగే. మూడు వేల మీటర్లు దాటాక, పడుకునే చోటు రోజుకు ఐదొందల మీటర్లకు మించి పెరగకూడదనీ, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలనీ వైద్యులు మొత్తుకుంటారు. తలనొప్పి, వికారం మొదలైతే పైకి ఇంకో అడుగు వేయకూడదు, తగ్గకపోతే కిందికి దిగాల్సిందే. మనవాడు నెపం దిండు మీదకు నెడతాడు. గాలి దిండు, అరవై గ్రాములు.

ఇంతకీ రాత్రయ్యేసరికి ఈ జాతి ఏం చేస్తుందో గమనించారా? కుంటుకుంటూ ‘ఎందుకైనా మంచిది’ వాళ్ల గుడారం దగ్గరికి వెళ్లి, ‘గురూ, టేపుందా? ఓఆర్‌ఎస్ పొట్లం ఉందా?’ అంటుంది. ఎప్పుడూ ఉంటాయి. గొడుగుల కింద.

కనుక అధికారులకు నాదొక విన్నపం. దారి మొదట్లోనే ఇరుపక్షాలనూ జతకట్టి పంపాలి. సబ్బు అడిగినవాడు ఒక గొడుగు మోయాలి. టేపు అడిగితే జీన్స్ మూడూ. ఓఆర్‌ఎస్ దాకా వస్తే, కోలుకున్నాక మొత్తం సంచి వాడిదే.