సిటీ కౌన్సిల్లో అణుబాంబు మాట

"అణుబాంబుల సంగతి వైట్‌హౌస్‌లో, క్రెమ్లిన్‌లో తేలాలి గానీ మన సిటీ కౌన్సిల్ ఏం చేస్తుందండీ?" అని ఇక్కడ అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లు చాలామంది అడుగుతారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. కౌన్సిల్ తీర్మానం చేసినంత మాత్రాన ఒక్క క్షిపణి కూడా తగ్గదు. కానీ ఈ ఆయుధాలకు ఇన్నేళ్లలో పడ్డ కళ్ళేల వెనక ఏముందో చూస్తే, ఊళ్లలో మామూలు మనుషులు పెట్టిన ఒత్తిడి స్పష్టంగా కనిపిస్తుంది.

అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో పిల్లల పాలపళ్ల కథే తీసుకోండి. 1950లలో నెవాడాలోనూ పసిఫిక్ దీవుల్లోనూ బాంబుల్ని ఆరుబయటే పేల్చి పరీక్షించేవారు. ఆ ధూళిలోని స్ట్రాన్షియం-90 అనే రేడియోధార్మిక పదార్థం వానతో పాటు గడ్డి మీద పడి, ఆవు పాల ద్వారా పిల్లల ఒంట్లోకి చేరేది. కాల్షియంలాగే ఎముకల్లో, పళ్లలో తిష్ఠ వేసేది. భయపడాల్సిందేమీ లేదని ప్రభుత్వం అంటోంది. తేల్చుకునేదెలా? 1958లో సెయింట్ లూయిస్ శాస్త్రవేత్తలు, డాక్టర్లు, తల్లులు కలిసి, ఊడిన పాలపళ్లు పంపమని పిల్లల్నే అడిగారు. డాక్టర్ లూయీస్ రైస్ ఆ పనిని ముందుండి నడిపించారు. బిడ్డ ఎప్పుడు, ఎక్కడ పుట్టిందో కార్డు మీద రాసి, పన్ను జతచేసి పంపాలి. పంపిన పిల్లలకు "నా పన్ను సైన్సుకిచ్చాను" అనే బ్యాడ్జీ ఇచ్చేవారు. వచ్చిన పళ్లను వేరుచేసి వివరాలు నమోదు చేసే ఓపికైన పనంతా వాలంటీర్లదే. 1970 నాటికి సుమారు 3,20,000 పళ్లు పోగయ్యాయి. 1950లలో ఏటికేడు పుట్టిన పిల్లల పళ్లలో స్ట్రాన్షియం పెరుగుతూ వచ్చిందని 1961లోనే తొలి ఫలితాలు చెప్పాయి. 1963 ఆగస్టులో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ ఆరుబయటి పరీక్షలు మానేస్తామని సంతకాలు చేశాయి. ఆ పళ్ల వల్లే ఒప్పందం కుదిరిందని నేననను. కాకపోతే తల్లుల భయానికి ఎవరూ కొట్టిపారేయలేని ఆధారం దొరికింది.

1982 మార్చిలో అమెరికా రాష్ట్రమైన వెర్మాంట్‌లో ఊరూరా జరిగే వార్షిక సమావేశాల్లో 150కి పైగా ఊళ్లు, అణ్వాయుధాల పోటీని ఉన్నచోట ఆపమని ఓటు వేశాయి. అదే ఏడాది జూన్ 12న అదే కోరికతో న్యూయార్క్ సెంట్రల్ పార్కు దాదాపు పది లక్షల మందితో నిండిపోయింది. 1980ల మధ్యలో ప్రపంచం మొత్తం మీద 70,000 దాకా ఉన్న అణ్వాయుధాలు ఇప్పుడు 12,000 చిల్లర. చాలా తగ్గాయి, కానీ మనల్ని తుడిచిపెట్టడానికి ఇవి చాలు. పైగా అమెరికా, రష్యాల అణ్వాయుధాలకు హద్దు పెట్టిన చివరి ఒప్పందం న్యూ స్టార్ట్ గడువు కూడా 2026 ఫిబ్రవరి 5తో తీరిపోయింది.

మన సంఘాల్లో ఈ మాట ఎత్తితే "ఇది రాజకీయం, మనకెందుకు" అంటారు. మరి ఆ ఆయుధాలకయ్యే ఖర్చులో మన పన్నుల డబ్బు కూడా ఉంది కదా! "ఇండియాకూ బాంబు ఉంది, ఇలా మాట్లాడితే దేశద్రోహం కాదా" అని ఇంకొందరు. అన్ని దేశాల అణ్వాయుధాలూ 2010 కల్లా పోవాలని 1988లో ఐక్యరాజ్యసమితిలో ప్రణాళిక పెట్టింది భారత ప్రధాని రాజీవ్ గాంధీయే. ఇది మనకు పరాయి కోరిక కాదు.

"బ్యాక్ ఫ్రమ్ ది బ్రింక్" ఉద్యమం ఇక్కడి ఊళ్లను కోరేదీ పెద్ద పనేం కాదు. ముందుగా అణుదాడి చేయబోమని అమెరికా ప్రకటించాలి, ఒక్క అధ్యక్షుడి మాట మీదే క్షిపణి లేచే పద్ధతి పోవాలి వంటి డిమాండ్లతో ఒక తీర్మానం. లాస్ ఏంజెలెస్ 2018లోనే ఇలాంటిది ఆమోదించింది. న్యూయార్క్ కౌన్సిల్ 2021లో ఇంకో అడుగు వేసి, నగర ఉద్యోగుల పెన్షన్ నిధుల్ని అణ్వాయుధ కంపెనీల నుంచి వెనక్కి తీయమంది.

కౌన్సిల్ మీటింగుల్లో జనం మాట్లాడటానికి మనిషికి రెండు మూడు నిమిషాలు ఇస్తారు. మైకు ముందు టెన్షన్ పడేవాళ్లు రాసుకెళ్లి చదవొచ్చు. వీసా మీద ఉన్నవాళ్లకు జంకు ఉండటం సహజం, వాళ్లను బలవంతపెట్టొద్దు. ఓటున్న మనం ముందు నిలబడదాం. పండగలకు హాళ్లు నింపే మనం ఒక సాయంత్రం పదిమందిమి కౌన్సిల్ హాల్లో కూర్చుంటే, అక్కడి సభ్యులు తప్పకుండా గమనిస్తారు.

మన సంఘం కార్యవర్గానికి నా విన్నపం: వచ్చే సమావేశం అజెండాలో దీనికి పది నిమిషాలు కేటాయించండి. తీర్మానం ముసాయిదా నేను రాసి తెస్తాను.