సమ్మెకు దన్ను కావాలంటే గది రద్దు ఒక్కటే చాలదు

అమెరికాలో జీతాల కోసం సమ్మె కట్టిన హోటల్ కార్మికుల స్థానంలో కొత్తవాళ్లను శాశ్వతంగా పెట్టుకోవడానికి చట్టం అడ్డు చెప్పదు. మేనేజర్లు, తాత్కాలిక సిబ్బంది కలిసి దుప్పట్లు ఎలాగోలా మార్చేస్తారు. వాళ్లు ఎక్కడి నుంచీ తేలేనిది కస్టమర్లనే. అందుకే సమ్మెలో ఉన్నవాళ్లు ‘ఇక్కడ దిగకండి’ అన్న మాటకు అంత బలం. కానీ ఎవరికి వారు చడీచప్పుడు లేకుండా పక్క హోటల్‌కు వెళ్లిపోతే ఆ బలం చాలావరకు వృథా. హోటల్‌ను నిజంగా కదిలించేది వందల గదులు ఒక్కసారిగా బుక్ చేసే సంఘాలు, సదస్సులు.

శాన్‌ఫ్రాన్సిస్కో సంగతే చూడండి. 2004 సెప్టెంబరు చివర హోటల్ కార్మికుల సంఘమైన యునైట్ హియర్‌కు చెందిన స్థానిక శాఖ లోకల్ 2 నాలుగు హోటళ్లలో రెండు వారాల సమ్మె మొదలుపెడితే, యాజమాన్యాలు మరో పది హోటళ్లకు లాకౌట్ ప్రకటించాయి. దాదాపు 4,000 మంది వీధిన పడ్డారు. నవంబరులో లాకౌట్ ఎత్తేశారు, అందరూ పనిలోకి వెళ్లారు. ఒప్పందం మాత్రం 2006 సెప్టెంబరు దాకా కుదరలేదు. ఆ మధ్యకాలమంతా కార్మికులు లోపల గదులు సర్దుతూనే ఉన్నారు, బయట పోరును నిలబెట్టింది బహిష్కరణ. అమెరికా చరిత్రకారుల సంఘం 2005 వార్షిక సభను అక్కడి హిల్టన్ నుంచి శాన్‌హోజేకు మార్చేసింది. అప్పటికి సభకు వారాలే మిగిలాయి. మానవశాస్త్రవేత్తల సంఘం కూడా 2004 సభను అట్లాంటాకు తరలించింది. అయితే దిగింది అక్కడి హిల్టన్‌లోనే. అదే హోటళ్ల గొలుసులోని (చైన్‌లోని) మరో హోటల్‌కు వెళితే బుకింగ్ రద్దు జరిమానా భారం తగ్గుతుంది, కంపెనీ ఆదాయం కంపెనీ దగ్గరే ఉంటుంది. ఆ సభకు హాజరు బాగా పడిపోయింది.

పీటముడి ఎక్కడుందో దీన్నిబట్టి తెలుస్తుంది. సంఘం సంతకం చేసే హోటల్ ఒప్పందంలో గదుల కోటాకు ‘అట్రిషన్’ అనే షరతు ఉంటుంది. ఉదాహరణకు 100 గదులు, మూడు రాత్రులు, అంటే 300 గది-రాత్రులు. అందులో 80 శాతం నింపుతామని రాసిస్తే 240కి బాధ్యత సంఘానిదే. సమ్మె వార్త విని సభ్యులు తప్పుకుని 150 మాత్రమే నిండాయనుకోండి. మిగతా 90కి, రాత్రికి 200 డాలర్ల లెక్కన, 18,000 డాలర్లు సంఘమే కట్టాలి. సభ్యులు మనస్ఫూర్తిగా బహిష్కరించినా హోటల్‌కు డబ్బు అందుతూనే ఉంటుంది. పూర్తిగా రద్దు చేసుకుంటే జరిమానా ఇంకా ఎక్కువ, తేదీ దగ్గరపడేకొద్దీ అది పెరుగుతుంది.

‘ఫోర్స్ మెజ్యూర్’ షరతు, అంటే చేతిలో లేని అవాంతరం వస్తే ఒప్పందం నుంచి తప్పుకోనిచ్చేది, కాపాడుతుందని చాలామంది నమ్ముతారు. అందులో ‘సమ్మె’ అనే మాట ఉన్నా, హోటల్ లాయర్లు తలుపులు తెరిచే ఉన్నాయిగా, సభ జరపడం అసాధ్యమేమీ కాదుగా అని వాదిస్తారు. అందుకే వేరుగా కార్మిక వివాద షరతు రాయించుకోవాలి: సమ్మె, లాకౌట్, పికెటింగ్, యూనియన్ బహిష్కరణ పిలుపు, వీటిలో ఏది ఉన్నా జరిమానా లేకుండా తప్పుకునే హక్కు, కట్టిన అడ్వాన్సు వాపసు, యూనియన్ ఒప్పందం గడువు ముగుస్తుంటే ముందే లిఖితపూర్వకంగా చెప్పాల్సిన బాధ్యత. బేరం సంతకానికి ముందే సాగుతుంది, ఆ తర్వాత కాదు. వేసవిలో మహాసభలు జరిపే తానా, ఆటా, నాట్స్ వంటి అమెరికాలోని మన తెలుగు సంఘాలు కూడా వందల గదులు పట్టుకునేవే, వాటికీ ఈ జాగ్రత్త అక్షరాలా వర్తిస్తుంది.

విడిగా వెళ్లేవారు చేయగలిగింది చిన్నదే అయినా సరిగ్గా చేయాలి. రద్దు చేసుకోగల రేటుకే బుక్ చేయాలి. రద్దు చేసేటప్పుడు బుకింగ్ నంబరు, ఎన్ని రాత్రులు, కారణం రాసి జనరల్ మేనేజర్‌కు పంపి, ఆ ప్రతిని యూనియన్‌కూ ఇవ్వాలి. కారణం చెప్పని రద్దు హోటల్ లెక్కల్లో మామూలు రద్దుగానే కలిసిపోతుంది. గది ఒక్కటే కాదు, కింది రెస్టారెంటు, బార్, పెళ్లి హాలు కూడా బహిష్కరణ కిందికే వస్తాయి.

పిలుపు ఎవరిదో కూడా చూడాలి. సమ్మె, బహిష్కరణ ఒకటి కావు. సిబ్బంది లోపల పనిలో ఉండగా యూనియన్ అడగకుండా మనమే బహిష్కరణ ప్రకటిస్తే బుకింగులు తగ్గి ముందుగా పోయేది గదులు శుభ్రం చేసేవారి షిఫ్టులే. ఆ నష్టం భరించాలో వద్దో తేల్చుకోవాల్సింది వాళ్లు. యునైట్ హియర్ నడిపే ఫెయిర్ హోటల్ జాబితాలో ఎక్కడ సమ్మె ఉందో, ఎక్కడ బహిష్కరణ ఉందో, ఎక్కడ వివాదం వచ్చేలా ఉందో విడివిడిగా చూపిస్తారు.

బహిష్కరణ ప్రతిచోటా గెలవదు. షికాగో కాంగ్రెస్ హోటల్‌లో 2003 జూన్‌లో మొదలైన సమ్మె 2013 మే దాకా, పదేళ్లు సాగింది. బరాక్ ఒబామా సైతం పికెట్ లైన్‌లో నడిచారు. చివరికి ఏ ఒప్పందమూ లేకుండానే ముగించారు. చవక రేటు చూసి ఒక్కొక్కరుగా వచ్చే పర్యాటకులను ఏ పిలుపూ ఒక్కతాటి మీదికి తేలేదని నా అంచనా. హయత్ హోటళ్ల గొలుసు మీద 2012 జులైలో ఇచ్చిన ప్రపంచవ్యాప్త పిలుపు మాత్రం ఏడాది తిరిగేసరికి ఒప్పందం దాకా వచ్చింది. పెద్ద గొలుసుకు పోగొట్టుకోవడానికి పెద్ద సదస్సులుంటాయి.

ఒప్పందం కుదిరి యూనియన్ పిలుపు ఎత్తేసిన రోజు ఆ సంగతి సభ్యులందరికీ అంతే గట్టిగా చెప్పాలి, వీలైతే తర్వాతి సభకు ఆ హోటల్‌నే ఎంచుకోవాలి. గెలిచిన జీతం చేతికి రావాలంటే ఆ గదులు నిండాలి.