సర్పంచ్ పంటకు మద్దతు ధర ఏదీ?

కేంద్రం ఏటా 22 పంటలకు మద్దతు ధర ప్రకటిస్తుంది. అందులో వరి ఉంది, పత్తి ఉంది, ఎవరూ అడగని ఒడిసలు కూడా ఉన్నాయి. తెలంగాణ పల్లెల్లో ఐదేళ్లకోసారి భారీ పెట్టుబడితో వేసే పంట మాత్రం లేదు. అదే సర్పంచ్ పదవి. ఈ ఘోరాన్ని పాలకుల దృష్టికి తేవడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

రైతు ఈ పంటలోకి దిగే తీరు చూడండి. రెండేళ్లు పత్తి ముంచుతుంది, మూడో ఏడు బోరు ఎండుతుంది. "ఎవుసంల ఏమున్నదన్నా, సర్పంచ్‌గ నిలబడు" అని నలుగురు ఎగేస్తారు. ఆ సాయంత్రం ఆ నలుగురు ఎవరి ఖర్చుతో కూర్చున్నారో అడగకండి, అది మొదటి దుక్కి. ఐదు వేలలోపు జనాభా ఉన్న ఊళ్లో ఖర్చు లక్షన్నర దాటకూడదని నిబంధన. మనవాడు చట్టానికి కట్టుబడ్డ మనిషి. లక్షన్నర వరకు లెక్క రాసి, ఆ పైన రాయడం మానేస్తాడు.

పైగా ఇవి పార్టీరహిత ఎన్నికలు. బ్యాలెట్ మీద ఉంగరం, కత్తెర ఉంటాయి, పార్టీ గుర్తులుండవు. ఫలితాలొచ్చిన గంటకే తమ 'మద్దతుదారులు' ఇంతమంది గెలిచారని ప్రతి పార్టీ ప్రకటిస్తుంది. అన్నీ కూడితే ఉన్న పంచాయతీల కంటే ఎక్కువ తేలినా ఆశ్చర్యపోను.

సర్పంచ్ నెల గౌరవ వేతనాన్ని 2021లో 5,000 నుంచి 6,500 చేశారు. ఎన్నికల అప్పు మిత్తికి చాలదు గానీ, పేరులోనే గౌరవం ఉంది కదా.

2018 పంచాయతీరాజ్ చట్టం చెక్ పవర్‌ను, అంటే పంచాయతీ చెక్కుల మీద సంతకం పెట్టే అధికారాన్ని, సర్పంచ్‌కూ ఉప సర్పంచ్‌కూ కలిపి ఇచ్చింది. రెండెడ్లను ఎదురెదురుగా కాడికి కట్టడమన్నమాట. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని కూడా అదే చట్టం చెప్పింది, లేదంటే పదవికే ఎసరు. సొంత చేలో మొలకలకే దిక్కులేనివాడు రోడ్డు పక్క మొక్కలకు హామీ ఉండాలి. మేకలకు ఈ చట్టం వర్తించదు.

అసలు కథ బిల్లులది. వైకుంఠధామం (శ్మశానవాటిక) కట్టు, డంపింగ్ యార్డు కట్టు, ప్రకృతి వనం పెట్టు అని పైనుంచి గడువులు వస్తాయి. "ముందు పని చెయ్యి, బిల్లు ఎనక వస్తది" అంటారు. సిమెంటు ఉద్దెర తెస్తాడు, మేస్త్రీ కూలికి మళ్లీ అప్పు. ఇంజినీరు కొలతల పుస్తకంలో పని లెక్క రాస్తాడు, చెక్కు ట్రెజరీకి పోతుంది. పైసలు రావు. మొగులు దిక్కు చూసి బతికినవాడికి ఎదురుచూపులు కొత్త కాదు. కాకపోతే వాతావరణ శాఖ అబద్ధమో నిజమో ఒక తేదీ అయినా చెబుతుంది.

2019 జనవరిలో వేసిన పంటకు 2024 ఫిబ్రవరి మొదట్లో గడువు తీరింది, ప్రత్యేక అధికారులు దిగారు. ఆయన మాజీ అయ్యాడు. అప్పు కాలేదు.

అందుకే ఈ పంటకు బీమా పెట్టాలని, పోలింగ్ ముందురాత్రి కురిసే నోట్ల వానను అకాల వర్షంగా గుర్తించి పరిహారం ఇవ్వాలని మనవి.

తర్వాతి ఎన్నికకు సీటు మహిళలకు వచ్చింది. పంట మార్పిడి మంచిదని వ్యవసాయాధికారులు చెబుతూనే ఉంటారు. నామినేషన్ భార్య పేరున, ఫ్లెక్సీలో పెద్ద ఫోటో ఆయనది. కాయితాల మీద సంతకం పెట్టే ముందు ఆమె ఒక్కటే అడిగింది:

"ఈసారి ఏ చెలక అమ్ముతవ్?"