స్కాన్ చేశాక అసలు ప్రతి ఎందుకంటారా?

తాళపత్రాలన్నీ స్కాన్ చేసేస్తే అసలు ప్రతుల్ని కాపాడే ఖర్చు తప్పుతుందని వ్యాసంలో రాశారు. తిరుపతివాడిగా నాకిది మింగుడుపడలేదు. స్కానింగ్ వద్దనను, తప్పకుండా చేయాలి. కానీ తాటాకు మీద రాతకు సిరా ఉండదండీ. గంటం అనే ఇనుప మొనతో గీస్తారు, తర్వాత మసి రుద్దితే అక్షరం తేలుతుంది. ఆ మసి పోయిన ఆకును ఫొటో తీస్తే ఏం కనిపిస్తుంది? అసలుంటే మళ్లీ మసి పట్టించి చదువుకోవచ్చు.

తిరుమల సంకీర్తన భాండాగారంలో దొరికిన అన్నమయ్య రాగిరేకులే చూడండి. మొదటి రేకులో శక వర్షం 1346, క్రోధి సంవత్సరం అని వేయబట్టే ఆయన పాటలకు 1424 అనే మొదలు మనకు తెలిసింది. పాట పాటకీ రాగం పేరు చెక్కారు గానీ స్వరం రాయలేదు. అందుకే సాహిత్యం దక్కింది, అప్పటి వరుసలు దక్కలేదు. ఏం రాసుకోలేదో కూడా రికార్డే చెబుతుంది మరి.

ఇక గుడి గోడల శాసనాలు. కృష్ణదేవరాయలు 1513లో మొదటిసారి కొండకొచ్చి ఏమిచ్చారో రాతి మీదే ఉంది. పైగా అక్కడి శాసనాల్లో ఎక్కువ భాగం తమిళం. వాటిని చదవగలిగే కుర్రాళ్లు మన జిల్లాలో ఎంతమంది? స్కానర్ల కంటే ముందు జీతాలిచ్చి ఆ లిపులు నేర్పించండి. 1984లో ఊరి భూమి లెక్కలు రాసే కరణాల వ్యవస్థ రద్దయ్యాక మా వైపు పాత భూమి లెక్కలు కొన్ని అటకల మీదే చెదలు పట్టిపోయాయి. వాటి గురించి వ్యాసంలో ఒక్క ముక్కా లేదేం?