బోను పెట్టమనడం తప్ప ఇంకేం అడగలేమా?

మా నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు ఏ ఊరి వాట్సాప్ గ్రూపు చూసినా ఈ మధ్య ఇదే గోల. కొండ కింద పులి అంట, చిరుత అంట, సీతారామపురం రోడ్డులో బైకోళ్లకి అడ్డమొచ్చిందంట అని ఒక వాయిస్ మెసేజ్, దాని కింద ఒక వీడియో. ఆ వీడియోలో వెనక ఎవరో హిందీలో కేకలు పెడుతుంటారు, రోడ్డు పక్కన హిమాలయాల్లో పెరిగే దేవదారు చెట్లు కనిపిస్తుంటాయి, మన వెలిగొండల్లో ఆ చెట్లు యాడివబ్బా అని అడిగేవాడు ఒక్కడూ ఉండడు. ఇక మొదలు. ఫారెస్టోళ్లు ఏం పీకుతున్నారు, బోను పెట్టి పట్టుకుని ఎక్కడైనా దూరంగా వదిలేయొచ్చు కదా అని వరసగా అందరూ. నాకు ఒళ్లు మండేది ఈ ఆఖరి మాట దగ్గరే.

దూరంగా అంటే ఎక్కడ? మన మండలం కాకుండా ఇంకో మండలం, అంతేగా. అక్కడి గొర్రెలోళ్లు మనుషులు కాదా? పోనీ అలా వదిలితే సమస్య తీరుతుందా అంటే అదీ లేదు. మహారాష్ట్రలో జున్నార్ వైపు చెరకు తోటల్లో చిరుతలు ఎక్కువయ్యాయని 2001 నుంచి పెద్ద ఎత్తున పట్టి వేరే అడవుల్లో వదిలారు. అంతకు ముందు 1993 నుంచి 2001 దాకా మనుషుల మీద దాడులు ఏడాదికి సగటున 4. పట్టి వదలడం మొదలయ్యాక 2001-03 మధ్య ఆ సగటు 17కి పోయింది. ఎందుకంటే చిరుతకు తన నేల తెలుసు: నీళ్లు ఎక్కడ, ఏ దారిలో మనుషులు ఎప్పుడు తిరుగుతారు, ఎప్పుడు నక్కి ఉండాలి, అన్నీ. తెలియని చోట దాన్ని పడేస్తే అక్కడ అప్పటికే ఉన్న ఇంకో చిరుత తరుముతుంది, ఇది బెదిరిపోయి పాత చోటికి నడక మొదలుపెడుతుంది, ఆ దారిలో ఎవరు ఎదురుపడితే వాళ్ల ఖర్మ. ఇక్కడ ఖాళీ అయిన జాగాలోకి ఇంకో కుర్ర చిరుత దిగుతుంది. బోను ఖర్చు, జీపు ఖర్చు, ఫొటోలు, ఆఖరికి లెక్క మొదటికే.

మనిషి మీద పడిన జంతువును పట్టాల్సిందే, దాంట్లో వాదన లేదు. నేను అంటున్నది రోడ్డు దాటిన ప్రతి చిరుతకూ బోను పెట్టమనే వాళ్ల గురించి.

అసలు ఇవి కొత్తగా ఎక్కడి నుంచి వస్తున్నాయని చానామంది అడుగుతున్నారు. పైన నల్లమలలో నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వు ఉంది, 3,000 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, దేశంలోనే అన్నిటికన్నా పెద్దది. మన రాష్ట్రంలో పెద్దపులులు 2018 లెక్కలో 48, 2022 లెక్కలో 63. చిరుతలు అదే నాలుగేళ్లలో 492 నుంచి 569. పులి పిల్ల రెండేళ్ల వయసుకు వచ్చేసరికి తల్లిని వదిలి సొంత జాగా వెతుక్కోవాలి, మగదైతే మరీ దూరం పోతుంది. 2019లో మహారాష్ట్ర టిపేశ్వర్ అభయారణ్యం నుంచి రేడియో కాలర్‌తో బయల్దేరిన కుర్ర పులి మన పక్క తెలంగాణలో కూడా అడుగుపెట్టి, 1,300 కిలోమీటర్లకు పైగా నడిచి మళ్లీ మహారాష్ట్రలోనే జ్ఞానగంగ అభయారణ్యంలో ఆగింది. దాంతో పోలిస్తే నల్లమల నుంచి మన కొండలకు ఎంత దూరం? గిద్దలూరు పక్క గుండ్ల బ్రహ్మేశ్వరం, అక్కడి నుంచి కడప లంకమల్ల, ఆ పైన మన వెలిగొండలు, పెంచలకోన చుట్టూ పెనుశిల నరసింహ అభయారణ్యం, ఆఖరికి శేషాచలం. మ్యాప్‌లో చూస్తే పచ్చగా ఒకటే తాడులా కనిపిస్తుంది, అక్కడక్కడా మనం తెంపి పెట్టాం. నెల్లూరు-ముంబై హైవే మర్రిపాడు దాటాక ఆ కొండల మధ్య నుంచే బద్వేలుకు పోతుంది, రాత్రంతా లారీలే. శ్రీశైలం పోయేటప్పుడు దోర్నాల దగ్గర ఫారెస్టు గేటు రాత్రి 9కి మూసేస్తే తిట్టుకోని వాళ్లెవరు? ఆ గేటు ఎందుకు పెట్టారో మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

కొండ దిగాక కూడా దానికి మరుగు మనమే పెంచాం. ఎండిపోయిన చెరువుల నిండా సర్కారు తుమ్మ, పగలు మనిషి దూరలేనంత దట్టం. పక్కనే కోళ్ల వ్యర్థాలు పారబోసే చోటు, దాని చుట్టూ ఇరవై కుక్కలు. చిరుతకు జింకే కావాలని లేదు, కుక్క దొరికితే సంతోషంగా తింటుంది. ఆ జున్నార్ పక్కనే అకోలే దగ్గర పరిశోధకులు చిరుత పేడ పరీక్షిస్తే అన్నిటికన్నా ఎక్కువగా తేలింది కుక్కలే.

వేట సంగతి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే మా గొర్రెలోళ్లలోనే దీని మీద తగువులు ఉన్నాయి. పులి అయినా చిరుత అయినా పొదల చాటున పొట్ట నేలకు ఆనించి దగ్గరికి వచ్చి ఒక్కసారిగా దూకేది, ఎక్కువ దూరం తరిమే ఊపిరి దానికి లేదు. చాలాసార్లు గురి తప్పుతుంది, ఖాళీ కడుపుతో పోతుంది. అలాంటి దానికి రాత్రి పూట ఎరువు కోసం పొలంలో నిలిపిన మంద దొరికిందనుకోండి. చుట్టూ వల, లోపల మన నెల్లూరు గొర్రెలు, పొడుగు కాళ్లు ఉండి కూడా పారిపోయే దారి లేక అటూ ఇటూ గుద్దుకుంటూ ఉంటాయి. కళ్లముందు ఏదైనా బెదిరి పరిగెత్తితే పట్టడం దాని ఒంట్లో ఉన్న గుణం. ఒకదాన్ని చంపుతుంది, పక్కది ఇంకా పరిగెత్తుతూనే ఉంటుంది, దాన్నీ పడుతుంది. పొద్దున చూస్తే పది చచ్చి పడి ఉంటాయి, తిన్నది ఒకటి. పగబట్టి చంపిందనే వాళ్లకు నేను చెప్పేది ఇదే, పగ మనుషులకు ఉంటుంది.

మా చిన్నాన్న దూడ అలాగే పోయింది. కంది చాళ్ల మధ్య ఈడ్చిన జాడ కొండ వైపు తిన్నగా ఉంది, మొక్కలు రెండు పక్కలా పడుకున్నాయి. గొంతు దగ్గర పళ్లు దిగిన గుంటలు, రక్తం పెద్దగా లేదు, డొక్క చీల్చి లోపలిది తిన్నది. చిన్నాన్న చూడగానే అన్నాడు, "కుక్కలైతే వెనక కాళ్లు, తొడలు చింపుతాయి రా అబ్బాయ్, ఇది గొంతు పట్టి ఊపిరాడకుండా చేసింది, చిరుత పనే" అని. పక్కన తడి మట్టిలో అడుగులు కూడా ఉన్నాయి, గోళ్ల గుర్తులు లేకుండా గుండ్రంగా. కుక్క అడుగైతే గోళ్లు పడతాయి కదా. శనివారం సాయంత్రం ఫోన్ చేస్తే సంబంధించిన వాళ్లు వచ్చింది సోమవారం మధ్యాహ్నం. ఈలోపు ఊరకుక్కలు ఊరుకుంటాయా? మిగిలింది అవి పీకేశాయి. వచ్చినాయన అది చూసి, మా ఫోన్లో ఫొటోలు చూపిస్తున్నా వినకుండా, కుక్కలు తిన్నట్టుందని రాసుకుని పోయాడు. పరిహారం లేదు. ఆ రోజు చిన్నాన్న ముఖం చూసి ఉంటే, కంది చేనుకు కరెంటు తీగ చుట్టే రైతుకు అంత కోపం ఎందుకొస్తుందో మీకు అర్థమయ్యేది. ఆ తీగ మాత్రం వద్దు. అడవి పందికని పెట్టిన తీగకు చిరుత చస్తుంది, తెల్లారి నీళ్లు కట్టడానికి పోయిన పక్క చేను రైతు కూడా చస్తాడు.

ఇక పట్నంలో కూర్చుని పులి మన జాతీయ జంతువు, సహజీవనం నేర్చుకోవాలి అని రాసే వాళ్లతో కూడా నాకు పేచీనే. సహజీవనం అంటే ఆ దూడ ఖరీదు ఎవరు కట్టాలో ముందు చెప్పండి సార్.

తిరుమల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవుతుంది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఎత్తుకుపోయి చంపిన ఆరేళ్ల పాప మన నెల్లూరు జిల్లా పిల్లే. అమ్మానాన్నల కంటే కొంచెం ముందు నడిచింది, అంతే. అంతకు ముందు జూన్‌లో ఒక బాబును కూడా చిరుత పట్టింది, వాడు బతికి బయటపడ్డాడు. తర్వాత మధ్యాహ్నం రెండు దాటితే చిన్నపిల్లల్ని నడకదారిలో పంపకపోవడం, గుంపులుగా పంపడం, భక్తుల చేతికి కర్రలు ఇవ్వడం మొదలుపెట్టారు. కర్రల మీద ఎన్ని జోకులో! నేనూ కొన్ని చూసి నవ్వాను, కానీ ఆ జోకుల్లో కొట్టుకుపోయిన విషయం ఒకటుంది. నిలబడి నడిచే పెద్ద మనిషిని చిరుత సాధారణంగా వేటగా చూడదు. చిన్న పిల్లలు, వంగి గడ్డి కోసే ఆడవాళ్లు, చీకట్లో బయటికి పోయి కూర్చున్న వాళ్లు, వీళ్లు దాని కంటికి మేకంత ఎత్తే. కొండ కింద ఊళ్లలో ఇప్పటికీ చెంబు పట్టుకుని చీకటితో పోయే ఇళ్లు ఉన్నాయి. మరుగుదొడ్డి కట్టినా నీళ్లు రాక అందులో పిడకలు పెట్టుకున్న ఇళ్లు నేను చూపిస్తా రండి. చిరుత భయం గురించి మాట్లాడే సర్పంచులు ఆ కుళాయి గురించి ఎందుకు మాట్లాడరు?

ఇంకో గోల, చిరుత పిల్లలు దొరికాయని ఫొటోలు. చేలో దొరికేవి చాలాసార్లు అడవి పిల్లి కూనలు. చిరుత పిల్లకు ఒంటి నిండా పువ్వుల్లాంటి మచ్చలు ఉంటాయి, అడవి పిల్లి కూన ఒళ్లు బూడిద రంగో మట్టి రంగో, మహా అయితే మసక చారలు. వాటిని బుట్టలో వేసుకుని సెల్ఫీలు దిగుతారు, తల్లి పక్క చేలోనే ఉండి చీకటి పడితే వచ్చి తీసుకుపోయేది. అడవి పిల్లి తినేది ఎలుకల్ని. ఎలుకల మందుకు ప్రతి పంటకూ డబ్బు పోసే మనమే దాని సంసారం కూల్చేది.

మరి ఏం అడగాలి అంటారా. ఫోన్ చేసిన రోజే మనిషి రావాలి, రాలేకపోతే తేదీ, టైము పడిన ఫొటోలు చాలనాలి. పంచనామా కాగితం ఒక కాపీ అక్కడే రైతు చేతిలో పెట్టాలి. మంద నిలిపే వాళ్లకు వల బదులు పైన కూడా కప్పు ఉండే ఇనుప మెష్ సబ్సిడీ మీద ఇవ్వాలి, ఎందుకంటే ఎత్తు గోడైనా చిరుత ఎక్కేస్తుంది, పైన మూయకపోతే దండగ. కోళ్ల వ్యర్థాలు పారబోసే వాళ్లకు ఫైన్ వేయాలి. ఊరి చివర లైట్లు వెలగాలి, అవి ఎలక్షన్ల ముందు వెలిగి ఆ తర్వాత ఆరిపోయే రకం కాకుండా. నల్లమలలో చెంచు కుర్రాళ్లు ఫారెస్టోళ్ల బేస్ క్యాంపుల్లో పనిచేస్తూ పులి జాడలు చూస్తున్నారు కదా, మన కొండల కింద గొర్రెలు కాసే కుర్రాళ్లలో ఇద్దరు ముగ్గురికి జీతమిచ్చి ఆ పని పెట్టండి. వాళ్లకు తెలిసినంత ఏ జీపుకూ తెలియదు.

ఇదంతా చదివి కింద ఎవరో ఒకరు రాస్తారు, నీ దూడ పోయి ఉంటే తెలిసేది అని. పైన రాసింది చదవండి అబ్బయ్యా, పోయింది. ఆ ఫొటోలు పట్టుకుని మా చిన్నాన్న ఇప్పటికీ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు. బోను పెట్టమని అర్జీ ఇచ్చిన పక్క ఊరోళ్లకు మాత్రం వారంలో బోను వచ్చేసింది, ఎరకు కట్టడానికి మేకను వాళ్లనే తెచ్చుకోమన్నారంట.