వెక్కిరింపుకు చట్టంలో చోటేదీ?

అమెరికాలో పట్టా పుచ్చుకునే పిల్లలకు బాలల రచయిత డాక్టర్ స్యూస్ బొమ్మల పుస్తకం ఒకటి కానుకగా ఇవ్వడం ఆనవాయితీ. 1990లో వచ్చిన ‘ఓ, ద ప్లేసెస్ యూల్ గో’ అది. దానికీ స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష సాహసాల టీవీ సీరియల్‌కీ ముడిపెట్టి కొత్త పుస్తకం తెద్దామని కామిక్‌మిక్స్ అనే చిన్న ప్రచురణ సంస్థ 2016లో అభిమానుల దగ్గర చందాలు పోగు చేసింది. రచయిత డేవిడ్ గెరాల్డ్ ఒకప్పుడు స్టార్ ట్రెక్‌కే కథ రాసిన మనిషి. బొమ్మలు వేసిన టై టెంపుల్టన్ కామిక్స్‌లో చేయి తిరిగినవాడు. స్యూస్ హక్కులున్న సంస్థ కాపీరైట్ ఉల్లంఘించారంటూ కోర్టుకెక్కింది. కింది కోర్టు 2019లో కామిక్‌మిక్స్ వైపు మొగ్గినా, 2020 డిసెంబరులో అప్పీలు కోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. మరుసటి ఏడు సుప్రీంకోర్టు కేసు చేపట్టడానికి ఒప్పుకోలేదు.

స్యూస్ బొమ్మను ఏది ఎక్కడుందో అక్కడే, గీత వంపుతో సహా దింపడానికి ఒక్కదానికే దాదాపు ఏడు గంటలు పట్టిందని టెంపుల్టనే చెప్పాడు. మూలంలోని 24 పేజీల్లో 14 పేజీలు అలా కొత్త పుస్తకంలోకి దిగాయి. ఏ అభిమానైనా గర్వంగా చెప్పుకునే పనితనమే కోర్టులో ఎదురు సాక్ష్యమై కూర్చుంది. ఇంతకీ ఆ పుస్తకం స్యూస్‌ను ఏమైనా అంటోందా అని న్యాయమూర్తులు వెతికారు. ఏమీ అనడం లేదు. స్టార్ ట్రెక్ కథ చెప్పడానికి స్యూస్ గీతను, యాసను అరువు తెచ్చుకుంది, అంతే. పైగా స్నాతకోత్సవాల సీజన్‌లో అదే కొనుగోలుదారుల కోసం అసలు పుస్తకంతో పోటీ పడబోయింది.

1994లో ఒక ర్యాప్ బృందం కేసులో అమెరికా సుప్రీంకోర్టు గీసిన గీత ఇది: ఒక రచనను ఎగతాళి చేయాలంటే దాని ముక్క కొంత చేతిలో పట్టుకోక తప్పదు కాబట్టి పేరడీకి వెసులుబాటు ఉంటుంది. లోకం మీద సెటైర్ వేయడానికి మాత్రం ఇంకొకరి సొత్తు ఎందుకు కావాల్సి వచ్చిందో సంజాయిషీ చెప్పుకోవాలి. రెండు ఇష్టమైన లోకాలను ముద్దుగా కలిపేసే మాషప్ కళ చాలావరకు ఈ గీతకు అవతలే పడుతుంది. అభిమానులకు రుచించకపోయినా, ఆ తీర్పును తప్పుపట్టలేం. అమ్మకానికి పెట్టేటప్పుడు అనుమతి అడగడం పెద్ద భారమేమీ కాదు.

మన దగ్గర చిక్కు ఇంకో రకం. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సొంత వాడకం, విమర్శ, సమీక్ష, వర్తమాన విషయాల రిపోర్టింగ్ వంటివాటికి మినహాయింపు ఇచ్చింది. పేరడీ ఊసు ఎక్కడా లేదు. ఉన్న ఆసరా అల్లా 1996 నాటి కేరళ హైకోర్టు తీర్పు. మలయాళ నాటక రచయిత తోప్పిల్ భాసి ప్రసిద్ధ నాటకానికి ప్రతినాటకం రాసిన సివిక్ చంద్రన్ మీద కేసు పడితే, మూలాన్ని విమర్శించడానికే సన్నివేశాలు వాడుకున్నాడు కాబట్టి అది విమర్శ కిందికే వస్తుందని కోర్టు అతని పక్షాన నిలిచింది. మంచి తీర్పే. అయినా పేరడీని విమర్శ గొడుగు కిందికి లాక్కొచ్చి నిలబెట్టాల్సి వచ్చింది. మరోవైపు 57వ సెక్షన్ తన పరువుకు భంగం కలిగేలా రచనను వికృతం చేశారని రచయిత అభ్యంతరం చెప్పొచ్చంటోంది. వికృతం చేయకుండా వెక్కిరించేదెలా?

తెలుగువారికి ఇది పరాయి గొడవ కాదు. శ్రీశ్రీ అంతటివాడి కవితలకు పేరడీలు కట్టి జరుక్ శాస్త్రి పేరడీ శాస్త్రి అనిపించుకున్నారు. ఆయన మీద ఎవరూ నోటీసు పంపలేదు సరికదా, ఆ పేరడీలూ సాహిత్యంలో భాగమయ్యాయి. ఇవాళ ఆ పని మీమర్లు చేస్తున్నారు. బ్రహ్మానందం ముఖం లేకుండా తెలుగులో వెటకారం పూర్తి కాని రోజులివి. విడుదలకు ముందు హీరో బొమ్మను హాలీవుడ్ సూపర్‌హీరో ఒంటికి అతికించిన ఫ్యాన్ ఎడిట్ ప్రచారానికి పనికొస్తుంది, ఎవరూ కిమ్మనరు. సినిమా తేలిపోయాక అదే ట్రైలర్ ముక్కతో ఎకసెక్కెమాడితే కాపీరైట్ ఫిర్యాదుతో స్ట్రైక్, అంటే ఛానెల్‌కు హెచ్చరిక, పడుతుందేమోనని టెన్షన్. యూట్యూబ్‌లో మూడు స్ట్రైకులు పడితే ఛానెలే పోతుంది.

2013 నాటి కాపీరైట్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందిన 36 గంటల్లో యూట్యూబ్ వంటి వేదిక ఆ సరుకును జనానికి అందకుండా ఆపాలి. ఫిర్యాదుదారు 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్లీ పెట్టుకోవచ్చు. ఇరవై ఒక్క రోజులంటే, ఈ రోజుల్లో సినిమానే థియేటర్లో ఉండదు. ఇక మీమ్ ఎవరికి కావాలి?

కెనడా 2012లో పేరడీని, సెటైర్‌ను చట్టంలో పేరు పెట్టి మరీ చేర్చింది. బ్రిటన్ 2014లో పేరడీతోపాటు క్యారికేచర్ (వ్యంగ్యచిత్రం), పాస్టీష్ (ఇంకొకరి శైలిని అనుకరించే రచన)లకూ చోటిచ్చింది. అక్కడి సినిమా, సంగీత పరిశ్రమలు దివాలా తీయలేదు. మన పార్లమెంటు 52వ సెక్షన్‌లో పేరడీ, వ్యంగ్యచిత్రం అనే రెండు మాటలు చేర్చాలి. పేరడీకి 57వ సెక్షన్ అడ్డురాదని అక్కడే స్పష్టం చేయాలి. అభిమాన హీరో బొమ్మతో టీ షర్టులు అచ్చేసి అమ్ముకునేవారికి ఇది వర్తించనక్కర్లేదు. తాము తొలగించమంటున్నది 52వ సెక్షన్ పరిధిలోకి రాదని ఫిర్యాదుదారు వివరించాలన్న షరతు ఆ 2013 నియమాల్లో ఇప్పటికే ఉంది. అసలు సెక్షన్‌లోనే పేరడీ పేరు లేనప్పుడు ఆ వివరణ ఇవ్వడం ఏ నిర్మాణ సంస్థకైనా క్షణాల పని. ఆ రెండు మాటలూ చేరితే స్ట్రైక్ నొక్కే ముందు వారి లాయరు ఆ వీడియోను ఒకసారైనా చివరిదాకా చూడాల్సి వస్తుంది.